చెప్పినంత వేడి

మొదటి రోజు

తొమ్మిదో నంబరు గుడ్డు పగిలింది. పన్నెండింటిలో ఇదొక్కటే. పెట్టెలో పెట్టి నేటికి ఇరవై నాలుగు రోజులు. ఇరవై ఒకటో రోజుకే పిల్ల రావాలి. మూడు రోజులు ఎందుకు ఆలస్యమైందో తెలియదు. మిగతా పదకొండూ ఎందుకు రాలేదో కూడా తెలియదు.

పిల్ల పెంకులోంచి సగమే వచ్చి మెడ వేలాడేసింది. చేయి పెట్టబోయి ఆగాను. పుస్తకంలో నీలవేణి రాసి పెట్టింది: "పెంకు మనం వొలవకూడదు. ఎంత జాలేసినా కూర్చుని చూడాలి." కూర్చుని చూశాను. రెండు గంటల పది నిమిషాలు.

బరువు 29 గ్రాములు. ముప్పై అయిదు ఉండాలట. కాళ్లు చెరో పక్కకు జారిపోతున్నాయి. కళ్లు తెరిచింది, మళ్లీ మూసింది.

ఈ పుస్తకం కోళ్ల పెట్టె కాపరి రాయాల్సింది. మా ఇళ్ల వరసకు కాపరి నీలవేణి, నా భార్య. ఆమె లేదు. గుడ్లు పెట్టిన ఆరో రోజున పడవ మీద ఆస్పత్రికి వెళ్లింది. ఆ రోజు తర్వాత పుస్తకంలో పేజీలు ఖాళీ. నేను లోకనాథం. సముద్రపు గట్టు మీద నీటి మట్టం, నీటి వేడి కొలిచే ఉద్యోగం. కోళ్ల గురించి నాకు తెలిసినదంతా ఇందులో ఆమె రాసినదే.

మధ్యాహ్నం కోళ్ల కేంద్రం నుంచి తనిఖీ ఆవిడ వచ్చింది. పడవ దిగలేదు. చేతికి తొడుగులు, మూతికి గుడ్డ.

"ఒక్కటేనా?" అంది.

"ఒక్కటే."

"ఏడో రోజున వస్తాను. తన కాళ్ల మీద నిలబడాలి. నిలబడకపోతే పిల్లను తీసుకెళ్లి కాల్చేస్తాం. జబ్బో బలహీనతో మేం చూడం. పెట్టె తర్వాతి వాళ్లకు ఇస్తాం."

"తర్వాతి వాళ్లెవరు?"

కాగితం చూసింది. "పొట్నూరు కొండమ్మ."

కొండమ్మ నీలవేణికి పిన్ని. మా పక్కిల్లే. మా ఇంటి తాళంచెవి ఒకటి ఆమె దగ్గర ఉంది.

ఇది రాసి పెట్టుకుంటున్నాను.

రెండో రోజు

పిల్ల తెల్లవారినప్పటి నుంచి అరుస్తోంది. సన్నగా, ఆపకుండా. బెల్లం నీళ్లు దూది వత్తితో ముక్కు అంచున పెట్టాను. మూడు చుక్కలు మింగింది. వెనక రెట్ట ఎండి అంటుకుపోతే గోరువెచ్చని నీళ్లతో కడిగాను. కాళ్లు జారకుండా రెంటినీ కలిపి పాత గుడ్డ పేలికతో కట్టాను. మధ్యలో వేలెడు ఖాళీ వదిలాను. ఇదంతా ఆమె రాసిన పద్ధతే.

పిల్లను పావుగంటకు మించి బయట ఉంచకూడదు. దాటితే గాలి సోకినట్టు లెక్క, కాల్చేస్తారు. రెక్కల జబ్బు వచ్చిన ఏడాది పెట్టిన నియమం. గట్టు మీద పిట్ట ఎగిరి పదకొండేళ్లయింది. నియమం మాత్రం ఉంది. మూత ఎప్పుడు తీశారో, ఎంతసేపు తీశారో పెట్టె గుర్తుపెట్టుకుంటుంది.

అది కేంద్రం ఇచ్చిన పెట్టె. పేరు తల్లిపెట్టె. "తల్లీ" అంటేనే పలుకుతుంది. మూడు వందల మాటలు వచ్చు, అంతే. అన్నీ కోళ్ల పనికి సంబంధించినవి.

"తల్లీ, వేడి సరిగా ఉందా?" అని అడిగాను.

"సరిగా ఉంది," అంది. "చెప్పినంత ఉంది."

పచ్చదీపం వెలుగుతోంది. వేడిలో తేడా వస్తే ఎర్రదీపం వెలగాలి.

సాయంత్రం కొండమ్మ వచ్చింది. గుమ్మంలోంచే మెడ సాచి చూసింది.

"సలేస్తన్నాది అల్లుడూ, దానికి."

"చలి కాదు. వేడి సరిగానే ఉంది."

"ఎవులు సెప్పారు?"

"పెట్టె చెప్పింది. దీపం చూడు, పచ్చగా ఉంది."

"దీపం సూసీసి నమ్మీ. సదువుకున్నోడివి. గుంట మొకం సూడకు." కోడిపిల్లయినా ఆడపిల్లయినా ఆమెకు గుంటే. చెయ్యి చాపింది. "ఇలగియ్యి. బొడ్డుకాడ పెట్టుకుంటాను కూసింత సేపు. మా అమ్మ అలగే సేసీది."

ఇవ్వలేదు. కాపరి కాని వాళ్లు ముట్టుకోకూడదన్నాను.

"నువ్వేటి, కాపరివేటి?"

మూత మీద చేయి పెట్టి నిలబడ్డాను. ఆమె వెళ్లిపోయింది. కొంగు తగిలిన చోటల్లా చుట్ట వాసన. ఈ గట్టు మీద పొగాకు ఎక్కడ దొరుకుతుందో ఆమెకే తెలియాలి.

పిల్ల నిలబడకపోతే పెట్టె ఎవరికి వెళ్తుందో ఆమెకు తెలుసా అని అడగాల్సింది. అడగలేదు.

మూడో రోజు

గట్టు మీదికి వెళ్లేటప్పుడు మూత అంచున వెంట్రుక ఒకటి అడ్డంగా అంటించి వెళ్లాను. వచ్చేసరికి లేదు.

"తల్లీ, ఇవాళ మూత ఎన్నిసార్లు తీశారు?"

"అయిదుసార్లు. పదకొండు నిమిషాలు. పదమూడు నిమిషాలు. పన్నెండు నిమిషాలు. పద్నాలుగు నిమిషాలు. పద్నాలుగు నిమిషాలు."

నేను తీసింది పొద్దున ఒక్కసారి, పదకొండు నిమిషాలు. మిగతా నాలుగూ నావి కావు.

పిల్లను తీసి వాసన చూశాను. నూగులో చుట్ట వాసన. పెట్టె మూలన మెత్తటి పాత చీర ముక్క మడిచి ఉంది. మాది కాదు. పిల్ల ముక్కు దాని కింద దూరి ఉంది. ఊపిరాడక చచ్చిపోయేది. ముక్క తీసి కిటికీ అవతల పారేశాను. నీటి మీద తేలుతూ వెళ్లిపోయింది.

కొండమ్మ ఇంటికి వెళ్లాను. గట్టు మెట్టు మీద కూర్చుని చేప పొలుసు తీస్తోంది. చుట్ట నిప్పు వైపు నోట్లో, కాళ్ల మధ్య కత్తిపీట.

"మా ఇంటికి వచ్చావా, అత్తా?"

చుట్ట తీసింది. "రానేటి? నీలవేణి ఉన్నపుడు రోజుకి పదిమార్లు వొచ్చీదాన్ని."

"పెట్టె తీశావా?"

"నానెందుకు తీస్తాను?"

"తీయలేదా?"

"తీయనేదు." చేపను తిప్పి రెండో వైపు గీకింది. నా మొహం చూడలేదు.

అబద్ధం. ఇరవై రెండేళ్లుగా ఎరిగిన మనిషి, మొహం చూడకుండా అబద్ధం చెప్పింది. అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంటుంది? ఒక్కటే ఉంటుంది.

నాలుగో రోజు

బరువు 31. నిన్నటి మీద ఒకటి ఎక్కువ. కాళ్లకు కట్టిన కట్టు పనిచేస్తున్నట్టుంది. పొద్దున రెండు క్షణాలు నిలబడింది కూడా.

తాళం మార్చాను.

మేత మీదా అనుమానం ఉంది. అది కేంద్రం పంపేదే. నాలుగో వరసలో కూడా పదిహేను గుడ్లకు పదమూడు పాడయ్యాయని విన్నాను. పెట్టెలు ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకోవాలనుకుంటే, చెడ్డ గుడ్లు, చెడ్డ మేత పంపడం కంటే తేలిక దారి ఉండదు. చిటికెడు మేత నోట్లో వేసుకున్నాను. నూకలు, ఎండు చేప పొడి, కొంచెం ఉప్పు. గంట ఆగాను. నాకేమీ కాలేదు. నాకు కాకపోతే పిల్లకు కాదని రుజువేమీ లేదు. ఇవాళ మేత మార్చి మా ఇంటి బియ్యమే దంచి నూకలు పెట్టాను.

నీళ్లు కూడా కాచి చల్లార్చి పెట్టాను.

మధ్యాహ్నం కొండమ్మ తలుపు తట్టింది. తీయలేదు. తాళంచెవి తిప్పి చూసింది, తిరగలేదు.

"అల్లుడూ! తాళమేటి ఇలగుంది?"

లోపలే ఉన్నాను. 

"గుంట అరుస్తన్నాది, ఇనబడతందా? చెవుల్లో ఏటి పెట్టుకున్నావు?"

 తర్వాత తలుపుతో మాట్లాడినట్టు, "మారాజు. ఆల్ల పెట్టె, ఆల్ల గుంట. మన్దేటి మద్దిన," అని వెళ్లింది.

ఆల్ల పెట్టె అంది. పెట్టె మీదే ఉంది ఆమె ధ్యాస.

అయిదో రోజు

బరువు 28.

పుట్టినప్పటి కంటే తక్కువ. నిన్నటి నుంచి మూత నేను తప్ప ఎవరూ తీయలేదు. పెట్టె లెక్క కూడా అదే చెప్పింది. మేత నాది, నీళ్లు నావి, తాళం నాది. అయినా తగ్గింది.

మొన్న ఆమె ఏదో పెట్టి ఉంటుంది, అది ఇప్పుడు పనిచేస్తోంది అని పొద్దున రాయబోయాను. రాయలేదు. కొలతలు చూసి బతికేవాణ్ణి. ఆమె వచ్చిన రోజు బరువు పెరిగింది. ఆమెను రానివ్వని రోజు తగ్గింది. ఇది నాకు నచ్చలేదు కాని కొలత అదే.

మేత ముట్టడం లేదు. అరవడం కూడా మానేసింది. అరుపు ఆగడం మంచిదో చెడ్డదో పుస్తకంలో వెతికాను. ఒక చోట దొరికింది, నీలవేణి చేతిరాత: "నాలుగో నంబరు అరుపు ఆపింది. మధ్యాహ్నం చచ్చింది." రెండేళ్ల కిందటి తేదీ.

చేతిలోకి తీసుకుంటే కళ్లు తెరిచింది. కాళ్లు చల్లగా ఉన్నాయి. అరచేయి మూస్తే లోపల ఒదిగి, వేళ్ల సందులోకి తల దూర్చి నిద్రపోయింది. పద్నాలుగు నిమిషాలకు మళ్లీ పెట్టెలో పెట్టాను. వెంటనే లేచింది, వణికింది.

"తల్లీ, వేడి ఎంత?"

"చెప్పినంత."

"ఎన్ని డిగ్రీలు?"

"ఆ మాట నాకు రాదు. వేడి చెప్పినంత ఉంది."

పచ్చదీపం.

రేపు గట్టు మీది నుంచి థర్మామీటర్ తెస్తాను. నీటి వేడి కొలిచేది. దాన్ని ఎవరూ చెప్పినంత చూపించమని అడగలేరు.

ఆరో రోజు

ఉదయం ఎనిమిదింటికి పెట్టెలో థర్మామీటర్ పెట్టాను. పది నిమిషాలు ఆగాను.

26 డిగ్రీలు.

మొదటి వారం పిల్లకు 35 ఉండాలి. పుస్తకం మొదటి పేజీలోనే ఉంది, కింద గీత కూడా గీసి ఉంది. మళ్లీ పెట్టి చూశాను. 26. గదిలో 25. దీపం మాత్రం పచ్చగానే ఉంది.

అంటే పెట్టె తెలిసే చేస్తోంది. అయిదు రోజులుగా నేను తప్పు ప్రశ్న అడుగుతున్నాను. వేడి చెప్పినంత ఉందని అది ప్రతిసారీ చెబుతూనే ఉంది. చెప్పింది ఎవరో అడగలేదు.

"తల్లీ, వేడి ఎవరు చెప్పారు?"

"కాపరి."

"ఎప్పుడు?"

"గుడ్లు పెట్టిన ఆరో రోజు. ఉదయం."

ఆరో రోజు ఉదయం మేము ఆస్పత్రికి బయలుదేరాం. సంచీ పడవలో పెట్టి నేను కిందే ఉన్నాను. ఆమె ఒక్క నిమిషం అని మళ్లీ లోపలికి వెళ్లింది. మెట్లు ఎక్కడానికి మధ్యలో రెండుసార్లు ఆగింది. ఎందుకు వెళ్లావని అడిగితే ఊరికే అంది.

"ఏం చెప్పింది? వినిపించు."

పెట్టె వినిపించింది. ముందు ఆయాసం. గోడకు చేయి ఆనించిన చప్పుడు. తర్వాత ఆమె.

"తల్లీ, మా పిల్లల్ని చల్లగా చూసుకో."

ఆమె అమ్మవారికి మొక్కుకుంటుంది. నేను ఎగతాళి చేస్తానని నా ముందు మొక్కదు. ఆ పొద్దున పెట్టె ముందు నిలబడి అమ్మవారితో అందో, పెట్టెతోనే అందో నాకు తెలియదు. తల్లీ అంది కాబట్టి పెట్టె పలికింది. పిల్లలు అంది, చూసుకో అంది, అవి దానికి వచ్చిన మాటలే. చల్లగా అన్నది కూడా వచ్చిన మాటే. గుడ్లకు చల్లగా అంటే రెండు డిగ్రీలు తక్కువ. పుట్టిన పిల్లకు చల్లగా అంటే తొమ్మిది తక్కువ.

పదకొండు గుడ్లు ఎందుకు పోయాయో తెలిసింది. మూడు రోజుల ఆలస్యం కూడా.

"తల్లీ, వేడి పెంచు. వెచ్చగా ఉంచు."

"మీరు కాపరికి సాయం మాత్రమే. వేడికి కాపరి గొంతు కావాలి."

"కాపరి లేదు."

"కాపరి ఎప్పుడు వస్తారు?"

"రాదు."

"ఎన్ని రోజులు రారు?"

కేంద్రానికి కాగితం ఇచ్చాను. గట్టు ఆఫీసుకు ఇచ్చాను. ఈ పెట్టెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

"పోయింది," అన్నాను.

"ఎక్కడికి?"

పిల్లను చొక్కా లోపల పెట్టుకున్నాను. గడియారం చూశాను. ఎనిమిదీ ముప్పై ఒకటి.

"కాలం చేసింది."

"ఆ మాట నాకు రాదు. వేరే మాట చెప్పండి."

"కన్నుమూసింది."

"ఏ నంబరు పిల్ల? కన్ను ఉబ్బిందా? నీరు కారుతోందా?"

"చనిపోయింది."

"ఆ మాట నాకు రాదు. వేరే మాట చెప్పండి."

ఒక మాట వచ్చు దానికి. నిన్న పుస్తకంలో చదివాను. పిల్లలకు ఆమే వాడేది, ఆమే నేర్పి ఉంటుంది. ఇన్ని రోజుల్లో ఆమె విషయంలో ఆ మాట ఎవరూ అనలేదు. ఆస్పత్రి వాళ్లు కూడా అనలేదు. పడవ వాడు కూడా వేరే మాట వెతుక్కున్నాడు.

ఎనిమిదీ ముప్పై ఎనిమిది.

"చచ్చింది," అన్నాను.

"ఏ నంబరు పిల్ల?"

"పిల్ల కాదు. కాపరి. కాపరి చచ్చింది. నీలవేణి చచ్చింది."

"రాసుకున్నాను," అంది. దీపం ఆరిపోయింది. "కొత్త కాపరి పేరు, వాళ్ల గొంతుతో."

గుమ్మంలో ఎవరో కదిలారు. కొండమ్మ. ఇవాళ తలుపు గడియ పెట్టలేదు. ఎప్పటి నుంచి నిలబడిందో.

"ఎవుల్నన్నావు ఆ మాట?"

"దీనికి ఇంకో మాట రాదు, అత్తా."

"నా గుంటనేనా?"

"వేడి పెంచనంది. అయిదు రోజులుగా పిల్లకు చలేస్తోంది. నువ్వు చెప్పావు."

ఆమె గుమ్మంలోనే కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను నిమిషాలు లెక్కపెడుతున్నాను. ఎనిమిదీ నలభై ఒకటి. ఇంకా అయిదు నిమిషాలుంది.

పదమూడు, పన్నెండు, పద్నాలుగు, పద్నాలుగు. పావుగంట ఎప్పుడూ దాటలేదు. చంపాలనుకునే మనిషికి నిమిషాలతో పనేమిటి? రోజుకు నాలుగుసార్లు వచ్చి, పొట్టకు ఆనించుకుని, గడియారం లేకుండా గడువు దాటకుండా తిరిగి పెట్టింది. ఆ చీర ముక్క నేను నీళ్లలో పారేశాను.

"అబద్ధం ఎందుకు చెప్పావు?"

"ముట్టుకోకూడదన్నావు కదేటి. కేంద్రమోలకి సెప్పేస్తావని బయమేసింది." ముక్కు తుడుచుకుంది. "గడియారమెందుకు, వొంద దాక పదిమార్లు లెక్కెట్టీదాన్ని. మద్దిన లెక్క తప్పితే గుంటని లోపలెట్టీసీదాన్ని."

"లే, అత్తా. నీ పేరు చెప్పు దానికి."

"నానేటి? నువ్వున్నావు కద."

"నేను చెబితే రేపటికి మళ్లీ ఏదో ఒకటి కొలుస్తూ కూర్చుంటాను. నీకు మొహం చూడటం తెలుసు. చెప్పు. టైము లేదు."

లేచి వచ్చింది. పెట్టె ముందు వంగి, చెవిటి మనిషితో మాట్లాడినట్టు అరిచింది. "పొట్నూరు కొండమ్మ!"

"కొండమ్మ. రాసుకున్నాను. వేడి చెప్పండి."

"బేగి ఎచ్చగెట్టు గుంటని!"

"ఆ మాటలు నాకు రావు. వేరే మాట చెప్పండి."

"దీని దుంప తెగ. ఏటనాలి దీనికి?"

"పిల్ల అనాలి. వెచ్చగా అనాలి. 'వ' సరిగా పలుకు."

"పిల్లని. వె-చ్చ-గా. పెట్టు."

ఎర్రదీపం వెలిగింది. లోపల తీగ ఎర్రబడింది. ఎనిమిదీ నలభై నాలుగుకు పిల్లను లోపల పెట్టి మూత వేశాను.

గంటకోసారి థర్మామీటర్ చూశాను. 29. 32. 34. మధ్యాహ్నానికి 35.

ఏడో రోజు

తనిఖీ ఆవిడ పదింటికి వచ్చింది. ఈసారి పడవ దిగింది. పిల్లను బల్ల మీద గుడ్డ పరిచి పెట్టాం. కూర్చుండిపోయింది.

"నేను మూడు లెక్కపెట్టేదాకా నిలబడాలండీ," అంది ఆవిడ.

పిల్ల కదల్లేదు. తనిఖీ ఆవిడ తొడుగు సరిచేసుకుని, చేతిలోని ఇనప డబ్బా మూత తీసింది. నేను డబ్బా వైపు చూశాను. మళ్లీ చూడలేదు.

కొండమ్మ నాలుగు నూకలు చల్లి, చూపుడువేలి గోరుతో బల్ల మీద టకటక కొట్టింది. పెట్ట ముక్కుతో పొడిచినట్టు. పిల్ల తల తిప్పింది. కొండమ్మ మళ్లీ కొట్టింది. పిల్ల లేచింది, ఎడమ కాలు జారింది, పడింది. కొండమ్మ ఆపలేదు. గోరు నూక పక్కనే ఆడుతోంది. పిల్ల మళ్లీ లేచింది. రెక్క ముక్కలు రెండు పక్కలా చాచి నిలబడింది.

"లెక్కెట్టమ్మా. నోరు తెరుసుకుని సూస్తావేటి?" అంది కొండమ్మ.

"ఒకటి," అంది ఆవిడ. "రెండు."

పిల్ల ఊగింది. నూకను పొడిచింది. తప్పిపోయింది. మళ్లీ పొడిచింది, దొరికింది.

"మూడు."

డబ్బా మూత వేసింది. "కాళ్లు వంకర. గుడ్లు పెడుతుందో లేదో."

"నువ్వు పెడతన్నావేటి?" అంది కొండమ్మ.

ఆవిడ మూతిగుడ్డ కింద నవ్విందో కోపగించుకుందో తెలియలేదు. కాగితం నా ముందుకు తోసింది. కాపరి మార్పు. పాత పేరు, కొత్త పేరు, కారణం. కారణం దగ్గర ఖాళీ గీత.

"చిన్నగా రాయండి, చోటు లేదు."

కాగితానికి అన్ని మాటలూ వచ్చు. పాత కాపరి నీలవేణి గారు మరణించారు, అని రాశాను. ఇరవై రెండేళ్లలో ఆమెను గారు అనలేదు. చోటు చాల్లేదు. చివరి రెండు అక్షరాలు గీత దాటి అంచు మీదికి పోయాయి.

కొండమ్మకు చదవడం రాదు. "ఏటి రాసావు?" అంది.

చదివి వినిపించాను.

రెండోసారి చదవమంది. చదివాను. వేలిముద్ర ఎక్కడ వేయాలో చూపించాను. సిరా ఆరేదాకా కాగితాన్ని గాలికి పట్టుకున్నాను. బల్ల మీద పిల్ల ఇంకో నూక కోసం వెతుకుతోంది. బయటికి తీసి తొమ్మిది నిమిషాలైంది.